మైదాకు పండిన వారం

నా మనవరాలు శ్రావణి చేరిన నర్సింగ్ కాలేజీ వాళ్లు పోయిన నెలలో పిల్లల ఇంటివాళ్లందరినీ కామారెడ్డికి పిలిచారు. పిల్ల తండ్రి, అంటే నా కొడుకు, దుబాయిలో క్రేన్ నడుపుతున్నాడు. కోడలు ఆ రోజు నాట్ల కూలికి ఒప్పుకుంది. మా ఇంట్లో ఎవరికి పని పడినా ఖాళీగా కనిపించేది నేనే కాబట్టి పొద్దున్నే ఎల్లారెడ్డిలో బస్సెక్కి నేను వెళ్లాను. కామారెడ్డిలోనే ఇల్లు కట్టుకుని ఉంటున్న నా చెల్లెలు రాజమణి కూడా వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. రాజమణి నర్సుగా ఊళ్లూ దవాఖానలూ తిరిగి రిటైరయిన మనిషి. నేను బీడీలు చుట్టిన మనిషిని. మా పనిలో రిటైరవడం ఉండదు, నడుము ఇక కూర్చోనన్న రోజు బీడీల చాట గోడకు ఆనించి లేవడమే.

ప్రిన్సిపాల్ మేడం మైకు పట్టుకుని పిల్లలు ఎట్లా నడుచుకోవాలో ఒక్కొక్కటే చదివింది. గోళ్లు పెంచకూడదు, రంగు వేయకూడదు. జుట్టు ముడివేసి నల్లని వల కట్టాలి. వార్డులో ఫోను బయటికి తీయకూడదు. రోగి ఫోటో తీస్తే ఆ పూటే ఇంటికి పంపిస్తారు. యూనిఫాం మీద రీల్స్ చేసినా అంతే. వేలిముద్ర పడితేనే హాజరు. సెలవు మీద పోయిన పిల్ల చెప్పిన పూటకు తిరిగి రాకపోతే ఇంటి పెద్ద వచ్చి జవాబు చెప్పుకోవాలి. మా ముందు వరసలోంచి భిక్నూర్ తండ్రి ఒకాయన లేచి, "ఏంది మేడం, పిల్లలను సదివిస్తున్నరా, జైల్ల పెడుతున్నరా" అన్నాడు. హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు. నేనున్న చోట ఇంకొకరు నవ్విస్తే నాకు గిట్టదు, అదొక కారణం. అసలు కారణం వేరే. ఆ నియమాలు ఒక్కొక్కటీ చెవిన పడుతుంటే నా కడుపులో పాత మంట ఒకటి లేచి కూర్చుంది. ముందు వరసల్లో తెల్లకోటు వేసుకుని మెడ నిటారుగా పెట్టి కూర్చున్న నా సొంత మనవరాలిని చూసి నేను కుళ్లుకుంటున్నాను. ఎత్తుకుని పెంచిన పిల్ల మీద కుళ్లేమిటే ముసలిదానా అని నన్ను నేనే తిట్టుకుని పక్కకు తిరిగితే రాజమణి కనిపించింది. ఆ మంట మొదట అంటించింది ఈవిడే.

నేను ఆరో తరగతిలో బడి మానేశాను. బాపు మస్కట్ పోయాడు, అవ్వకు తన పక్కన ఇంకో చాట కావాల్సి వచ్చింది. అవ్వ అంటే మాకు అమ్మ, బాపు అంటే నాన్న. నేను మానేసిన రోజు బడిలో ఎవరూ కన్నీళ్లు పెట్టుకోలేదు. తన నడకను తన వెనకాలే నడిచి చూపించే పిల్ల ఇక రాదని తెలిసి మా సారు హాయిగా ఊపిరి తీసుకుని ఉంటాడు. ఆ తర్వాత నేను చదివిందంతా చక్కెర పొట్లాలు, పుట్నాలు కట్టిచ్చిన పేపర్లు. అందుకే నా రాతకు మొదలూ చివరా సరిగ్గా ఉండవు, పొట్లం చినిగినంత మేరకే ఉంటుంది. రాజమణి మాత్రం బడికి పోతూనే ఉంది. చిన్నది కదా పోనీలే అన్నారు ముందు, తర్వాత మార్కులు మంచిగా వస్తున్నాయి కదా పోనీలే అన్నారు, ఆ తర్వాత అలవాటైపోయింది.

మా వాడలో పొద్దు బీడీ వాసనతోనే తెల్లారేది. ముందురోజు సాయంత్రం తునికాకును నీళ్లలో ముంచి గోనెపట్టాలో చుట్టి పెట్టేవాళ్లం. పొద్దున ఆ మూట విప్పితే తడి అడవి వాసన ఒకటి లేచి, చాటలో పోసిన తంబాకు ఘాటుతో కలిసి ముక్కు పుటాలను పట్టుకునేది. కొత్తగా వచ్చిన కోడళ్లు తుమ్మి తుమ్మి చచ్చేవాళ్లు. అవ్వ జొన్నరొట్టెలు చేసి, పొయ్యి మీంచి చాయ దించి, చెంబెడు నీళ్లు తాగి, కొంగు నడుముకు చుట్టి చాట ముందర కూర్చుందంటే ఇక మధ్యాహ్నం దాకా లేచేది కాదు. మా ఇంటి ముందర నీడ ఎక్కువ కాబట్టి వాడలోని ఆడవాళ్లందరూ తమ తమ చాటలు పట్టుకుని అక్కడికే వచ్చేవాళ్లు. వాళ్ల చేతులకు పని అవ్వ చెప్పేది, వాళ్ల నోళ్లకు పని నేను పెట్టేదాన్ని. కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే మునిమి ఎట్లా దగ్గుతాడో, కొత్త అల్లుడు అత్తగారింట్లో రెండో రొట్టె కోసం ఎట్లా చూస్తాడో చేసి చూపిస్తే చాటలు వణికేలా నవ్వేవాళ్లు. అందరికంటే ఎక్కువ నవ్వేది గంగవ్వ. నలుగురు కోడళ్లను ఏలిన ముసలమ్మ, ఎవరికీ ఒక పట్టాన లొంగని మనిషి, నా మాటకు మాత్రం పళ్లు లేని నోరు మొత్తం తెరిచేది. నాకు బడి లేదు, బంగారం లేదు, ఆ గుంపు మధ్య కూర్చునే చోటు మాత్రం ఉండేది.

మా ఇంట్లోనూ నియమాలకు కొరత లేదు. దీపం పెట్టాక తల దువ్వకూడదు. గడప మీద నిలబడకూడదు. ఆడపిల్ల ఈల వేయకూడదు, ఇంటి మొగవాడి కంటే ముందు తినకూడదు, ఆ మొగవాడు మస్కట్‌లో ఉన్నా సరే ఒక ముద్ద పక్కన పెట్టి తినాలి. ఎందుకని అడిగితే "నలుగురు ఏమనుకుంటరు" అనేది అవ్వ. ఆ నలుగురూ మా ఇంటి ముందరే కూర్చుని బీడీలు చుట్టుకుంటూ, తమ ఇళ్లలోనూ అవే నియమాలు పెట్టుకుని, మేమేమనుకుంటామోనని భయపడుతుండేవాళ్లు.

రాజమణి పది పాసై కామారెడ్డిలో ఒక ఆస్పత్రిని ఆనుకుని ఉన్న నర్సుల బడిలో సీటు తెచ్చుకుంది. ఇప్పుడు ఆ సీట్ల కోసం జనం పైరవీలు చేస్తున్నారు కానీ, అప్పుడు మా వాడలో ముక్కు విరిచారు. మగవాళ్లను ముట్టుకునే పని, ఉచ్చలు దొడ్లు ఎత్తే పని అన్నారు. నేను ఆ మాటలన్నీ ఇష్టంగా విన్నాను. కానీ అది మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు మంచం మీద కూర్చుని అక్కడి నియమాలు చెబుతుంటే ఒక్కొక్కటీ నాకు ముల్లులా దిగింది. పొద్దున్నే వరసలో నిలబెట్టి మేట్రన్ ఒక్కొక్క పిల్ల చేతులు తిప్పి చూస్తుందట. చెప్పులకు దుమ్ముంటే వెనక్కి పంపిస్తుందట. గాజులు లేవు, పట్టీలు లేవు, బొట్టు కందిగింజ కంటే చిన్నదిగా ఉండాలట. రోగి మంచం మీద కూర్చోకూడదట, రోగి ఇచ్చింది తినకూడదట. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం కూడా వార్డెన్ చూశాకే చేతికిస్తుందట. అది ఏడుపు మొహం పెట్టి చెబుతోంది, అవ్వ అయ్యో బిడ్డా అంటోంది. నేను మాత్రం నా చేతులు చూసుకున్నాను. పుట్టినప్పటి నుంచి నా చేతులు తిప్పి చూసినవాళ్లు లేరు. మునిమి నేను చుట్టిన బీడీలు తిప్పి చూసేవాడు, అంతే.

ఇంకో సంగతి కూడా నన్ను కాల్చింది. బీడీ చుట్టాక మూతి ముడవాలంటే గోరు కావాలి, మేమందరం కుడిచేతి గోరొకటి పెంచుకునేవాళ్లం. నర్సుల బడిలో మొదటి రోజే రాజమణి గోళ్లు కత్తిరించేశారు. ఇంటికి వచ్చిన ఆ రెండు రోజులూ అది చాట ముందర కూర్చుని ఆకు చుట్టగలిగింది కానీ మూతి ముడవలేకపోయింది. "పోనీ తీ, పిల్లకు గోరు లేదు" అని అవ్వ దానికి చాట తప్పించి చాయ ఇచ్చింది. గోరు లేకపోవడం కూడా ఒక అదృష్టమని నాకు అప్పుడే తెలిసింది.

ఇక ఆ వారం. పోచారం దిక్కు ఊళ్లో మా మేనమామ కూతురి లగ్గానికి రాజమణి రెండు రోజుల సెలవు మీద వచ్చింది. ఆడపిల్లలందరికీ మైదాకు నూరి పెడుతున్నారు. మైదాకు అంటే గోరింటాకే, మేం అట్లా అంటాం. రాజమణి చేతులు వెనక్కి దాచుకుని, రంగుంటే మా మేట్రన్ ఒప్పుకోదని చెప్పింది. లగ్గమింట్ల ఉత్త చేతులతో తిరుగుతావా, పెండ్లిపిల్లకు అరిష్టమని మేనత్తలు లేచారు. అవ్వ అందరి మొహాలూ చూసి, "పెట్టుకో బిడ్డా, నలుగురు ఏమనుకుంటరు" అంది. మేట్రన్ కామారెడ్డిలో ఉంది, నలుగురు ఎదురుగా ఉన్నారు. రాజమణి చేతులు చాపింది. నేనూ చాపాను. కడిగేసరికి దాని అరచేతులు దానిమ్మ గింజల్లా పండి ఉన్నాయి. నా చేతులు ఎప్పటిలాగే ఇటుకపొడి రంగులో తేలాయి. తంబాకు పట్టిన చేతికి మైదాకు ఎక్కదు, ఎక్కినా తెలియదు. ఎంత ఎర్రగా పండితే మొగడు అంత ప్రేమగా చూస్తాడని లగ్గమింట్లో అందరూ దాని చేతులు పట్టుకుని మురిశారు. వద్దన్నదానికి అట్లా పండింది, కావాలన్నదానికి ఇట్లా అయింది. లగ్గం భోజనంలో నాకు బూరెలు కూడా చేదుగా తగిలాయి.

ఎల్లారెడ్డికి వచ్చాక రాజమణికి బుగులు పట్టుకుంది. పోయిన నెలలో ఒక పిల్ల గోళ్లకు రంగేసుకుని వస్తే గేటులోంచే వెనక్కి పంపారట. రంగు పోయాక పోతానంది. ఆ తెలివి మా ఇంటికే చెల్లు. మైదాకు పోవాలంటే చర్మం మారాలి. రెండు రోజుల సెలవు మీద వచ్చిన పిల్ల రంగు కోసం ఆగితే, చేతి రంగు నేరం ఒకటి, రాని నేరం ఇంకొకటి. ఆ రెండోదే పెద్దది. చెప్పకుండా వారం దాటితే సీటు తీసేస్తారని అదే చెప్పింది. అయినా కదలలేదు. బట్టల సబ్బు పెట్టి రుద్దింది, చింతపండు పెట్టి రుద్దింది. సున్నం పెడితే రంగు లాగేస్తుందని గంగవ్వ చెబితే అది కూడా పూసుకుంది. సున్నం కడిగాక చూస్తే దానిమ్మ రంగు కాస్తా నేరేడు రంగులోకి తిరిగింది. చెల్లె ఏడ్చింది. నేను ఆకు కత్తిరించుకుంటూ లోపల లోపల ఒకటే లెక్క వేసుకున్నాను: ఇంకో రెండు మూడు రోజులు ఇట్లాగే గడిస్తే దీని సీటు పోతుంది, ఇది నా పక్కన కూర్చుంటుంది. అవ్వకు అందులో బాధేమీ కనిపించలేదు. "పోకుంటే పాయె, రెండు చాటలు మూడయితయి, గోరు గదా, పెరుగుతది" అంది. నాకు కూడా అదే కావాలి. లేదా అదే కావాలని అనుకున్నాను.

అసలు దెబ్బ నాకు వేరే వైపు నుంచి తగిలింది. చేతులు దాచుకుని రాజమణి మా గుంపు అంచున కూర్చునేది. నర్సుల బడి పిల్ల కదా, ఆడవాళ్లు దవాఖాన ముచ్చట్లు అడగడం మొదలుపెట్టారు. మన ఎల్లారెడ్డి వాళ్లెవరు వచ్చారు, ఎవరికి ఏం రోగం, ఫలానా వాళ్ల కోడలు ఎందుకు పోయింది అని. రాజమణి తల అడ్డంగా ఊపేది. చెప్పకూడదు, మాకు రూలుంది అనేది. నేను మనసులో సంబరపడ్డాను. ముచ్చట చెప్పని మనిషిని మా గుంపు ఎన్ని రోజులు భరిస్తుంది అనుకున్నాను. కానీ నా లెక్క తిరగబడింది. ఒకరి తర్వాత ఒకరు, నీళ్లకని ఒకరు, ఆకు తడపాలని ఒకరు లేచి, ఇంటి వెనక దడి దగ్గర దాన్ని నిలబెట్టి గుసగుసలు చెప్పుకోవడం మొదలైంది. నా దగ్గర నవ్వి, దాని దగ్గరకు పోయి అసలు మాట చెప్పుకుంటున్నారు. ఒకరోజు నేను వెనక్కి పోయేసరికి గంగవ్వ, నలుగురు కోడళ్లను ఏలిన గంగవ్వ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ దానితో ఏదో చెబుతోంది. నన్ను చూడగానే నోరు కట్టేసుకుని, ఏం లేదు పోవే అంది. ఇన్నేళ్లు ఆమెను నవ్వించింది నేను. ఆమెకు ఏడుపొకటి ఉందని నాకు తెలియనే తెలియదు.

ఆమె పోయాక రాజమణిని నిలదీశాను.

"ఏం చెప్పిందే గంగవ్వ?"

"చెప్పద్దక్కా."

"నేను పరాయిదాన్నా? నీ అక్కను."

"అక్కకు గూడ చెప్పద్దు. ఒగలు మనల నమ్మి చెప్పినంక అది మన నోట్ల నుంచి పోవద్దు. అదే మాకు మొదటి రూలు."

నాకు ఒళ్లంతా మండింది. రోజంతా వాగి వాగి నేను సంపాదించుకున్న చోటును ఇది నోరు మూసుకుని కాజేసింది. ఇది సీటు పోగొట్టుకుని ఇక్కడే ఉండిపోతే నా గతి ఏమిటన్నది నాకు ఆ క్షణంలో తట్టింది. నా పక్కన చాట ముందర కూర్చుంటుందని ఇన్ని రోజులు మురిసిన నాకు, నా పక్కన కూర్చోదు, నా చోట్లో కూర్చుంటుంది అని అర్థమైంది. ఆ సాయంత్రం అది వచ్చి, "అక్కా, రేపు దాటితె సీటు పోతది, నాతోని కామారెడ్డికి రాయే. బాపు లేడు, అవ్వకు ఆఫీసంటె బుగులు. పెద్దమనిషి లేకుంటె గేటు లోపటికే రానియ్యరు" అని బతిమాలితే వెంటనే సరేనన్నాను. అక్క మనసు అంత మంచిదని అవ్వ మురిసింది. నేను మాత్రం తెల్లారి ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, మా చెల్లెను వరసలో నిలబెట్టి తిడుతుంటే చూడడానికి బయల్దేరాను. అట్లా అని సీటు పోకూడదు, పోతే ఇంటికొస్తుంది. తిట్లు పడాలి, సీటు ఉండాలి. లింగంపేట దాటి తాడ్వాయి వచ్చేదాకా బస్సులో నేను దేవుడికి ఈ లెక్కే విడమరిచి చెప్పాను.

మేట్రన్ సన్నటి మనిషి, కోస్తా వైపు మాట. కుర్చీలో కూర్చుని రాజమణి చేతులు రెండూ తిప్పి చూసింది. తిట్టలేదు. నాకు మొదటి నిరాశ అదే. చేతికి రంగుంటే ఆ చేతికి ఏమంటిందో కనపడదని, కడిగామో లేదో కూడా తెలియదని, అందుకే వద్దన్నామని నెమ్మదిగా చెప్పింది. తర్వాత, చేతికి రంగు పడడం తప్పు కావచ్చు, రాకుండా దాక్కోవడం మాత్రం తప్పున్నర అని, ఇట్లాంటి పిల్లను రేపు రోగి దగ్గర ఎట్లా నమ్మాలని అడిగింది. రాజమణి నేల చూస్తోంది. అప్పుడావిడ చూపు నా చేతుల మీద పడింది.

"మీ చేతులకేమైందమ్మా?"

"ఇది రంగు గాదమ్మ, తంబాకు. బీడీలు చేస్త. ఇది పోదు, దీనికి ఎవ్వలు రూలు గూడ పెట్టలే."

ఆవిడ నవ్వలేదు. నా మాటకు నవ్వని మనిషిని చూడడం నాకు కొత్త. "మీ చెల్లెల్ని ఇంటికి పంపించేస్తాననుకోండి. మీరేమంటారు?" అంది. రాజమణి నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది. మేట్రన్‌ను బతిమాలాలని, కాళ్ల మీద పడాలని నాకు బస్సులో చెప్పి తీసుకొచ్చింది. కానీ వారం రోజుల కుళ్లు నా గొంతులో సిద్ధంగా ఉంది, అదే బయటికొచ్చింది.

"నాకద్దమ్మ. మీరే ఉంచుకోండ్రి. ఇది వచ్చి వారమాయె, మా వాడల నన్ను అడిగేటోళ్లు లేరు. అందరు దీని చెవులనే ఊదుతున్నరు. ఏం చెప్పిండ్రే అంటె చెప్పది. కన్నతల్లికి చెప్పది, తోడబుట్టిన నాకు చెప్పది. దవఖానల ముచ్చట ఒక్కటి అడిగితె నోరు కుట్టుకుంటది. గిసోంటి మొండిదాన్ని నేను ఇంట్ల ఉంచుకోలేను."

నేను చాడీ చెప్పాననే అనుకున్నాను. మేట్రన్ మాత్రం వెనక్కి వాలి రాజమణి వైపు చాలాసేపు చూసింది. నిజంగానే అక్కకి కూడా చెప్పలేదా అని అడిగింది. లేదని రాజమణి తల ఊపింది. ఎవరు చెప్పొద్దన్నారని ఆవిడ మళ్లీ అడిగితే, మీరే చెప్పారు కదా అంది రాజమణి. తర్వాత మేట్రన్ తీర్పు చెప్పింది. రంగు పోయేదాకా వార్డులోకి పోకూడదు, స్టోరు గదిలో కూర్చుని గాజుగుడ్డ మడతలు పెట్టాలి, ఈ ఏడాదికి ఇక సెలవు లేదు. సీటు మాత్రం ఉంటుంది. నేను తిట్లు వినడానికి వచ్చి, సిఫారసు చేసి కూర్చున్నాను.

ఇంటి పెద్దగా వచ్చిన మనిషి నియమాలన్నీ విని సంతకం పెట్టాలని, నన్ను నిలబెట్టి మొదటి నుంచి చదివి వినిపించారు. భోజనం ఎన్నింటికి, స్నానం ఎన్నింటికి, జ్వరమొస్తే ఎవరికి చెప్పాలి, బయటికి పోతే ఎవరి తోడు పోవాలి. చదువు పూర్తయ్యేదాకా పెండ్లి చేయకూడదు అన్నదగ్గర ఇంకోసారి చదవమన్నాను. నా లగ్గం అప్పటికే కుదిరింది, నన్ను ఎవరూ అడగలేదు. దీని లగ్గం చేయాలంటే మా అవ్వ కూడా మేట్రన్‌ను అడగాలి. మా ఇంటి నియమాలు నలుగురి కోసం. ఇక్కడ ఒక కాగితం మొత్తం మా రాజమణి ఒక్కదాని గోళ్లు, జ్వరం, నిద్ర గురించే ఆలోచిస్తోంది. సంతకం పెట్టాక దాని పెట్టె మోసుకుని పెద్ద గదిలోకి పోయాను. ఇనప మంచాలు, ఉతికిన దుప్పట్లు, ఫినాయిల్ వాసన. ఒక్కో మంచం తలదిక్కు ఒక్కో పేరు. దాని మంచం మీద కూర్చుని చూశాను. ఎవరో పిల్ల వచ్చి, బయటివాళ్లు మంచం మీద కూర్చోకూడదండీ అంది.

ఆ సాయంత్రం బస్సులో ఒక్కదాన్నే ఎల్లారెడ్డికి తిరిగొచ్చాను. తెల్లారి ఆడవాళ్లు చాటలు పట్టుకుని వచ్చి, నర్సు పిల్లేదని అడిగారు. పోయిందన్నాను. ఎవరి చాట వాళ్లు ముందుకు లాక్కున్నారు. నేను మేట్రన్‌లా మెడ సాగదీసి, కోస్తా మాట లాగి లాగి, మీ చేతులకేమైందమ్మా అని చేసి చూపించాను. నవ్వారు. గంగవ్వ కూడా నవ్వింది, కానీ నవ్వుతూ ఒకసారి వెనక దడి వైపు చూసింది. నా చోటు నాకు తిరిగొచ్చింది. మళ్లీ ఎవరూ పోటీకి రాలేదు. లగ్గమయ్యాక కూడా నేను రెండు వీధుల అవతలికే పోయాను, చాట పట్టుకుని అక్కడికే వచ్చి కూర్చునేదాన్ని. గంగవ్వ పోయింది, అవ్వ పోయింది, ఆడవాళ్లు ఒక్కొక్కరే తగ్గారు, కార్ఖానా వారానికి సగం రోజులు మూతపడింది. ఇప్పటి కోడళ్లకు తంబాకు వాసనే పడదు. నేను గెలుచుకున్న చోట్లో నేనొక్కదాన్నే మిగిలాను.

మొన్న మీటింగ్ అయిపోయాక శ్రావణి వచ్చి, హాస్టల్లో ఫోను డబ్బాలో పెట్టాలట, ఇదెక్కడి న్యాయం నానమ్మా అని గొణిగింది. అప్పుడు ఉత్తరాలు చదివేవాళ్లు, ఇప్పుడు ఫోను లాక్కుంటున్నారు, అంతే తేడా అనుకున్నాను. తేడా ఇంకొకటి ఉంది. అప్పుడు నర్సు పని అంటే ముక్కు విరిచిన మా వాడలోనే ఇప్పుడు ఈ పిల్ల తెల్లకోటు ఆరేస్తే చూసి పోతున్నారు. "పెట్టు బిడ్డా, నీ ఫోను కోసం ఒగలు డబ్బా చేసిండ్రంటె నువ్వు ఎంత గొప్పదానివో సూడు" అన్నాను. పిల్లకు అది ఎగతాళిలా వినిపించింది. నేను నిజమే చెప్పాను.

రాజమణి నన్ను బస్టాండు దాకా దిగబెట్టడానికి వచ్చింది. ఎల్లారెడ్డి బస్సు కోసం నిలబడ్డాం. ఎప్పుడూ లేనిది ఆ రోజు తనే పాత మాట ఎత్తింది.

"అక్కా, ఆ పొద్దు మేట్రన్ నన్ను ఎల్లగొడితె ఏమయితుండె?"

"ఏమయితుండె. నా పక్కకు కూసుండి బీడీలు చుట్టుకుంటుంటివి."

"మంచిగనే ఉంటుండె."

నేను దాని మొహం చూశాను. ఎగతాళి కనిపించలేదు.

"ఆ వారం నిన్ను చూస్తె నాకెంత కుళ్లుండెనో నీకు ఎరికనా," అంది. "నువ్వు నోరు తెరిస్తె అందరు నవ్వుతుండిరి. నా తానికొచ్చి ఏడ్చి పోతుండిరి. నా కొలువంత గట్లనే అయిపాయె అక్కా. ఎవ్వల ముచ్చట ఎవ్వలకు చెప్పకుంట, ఇంటికొచ్చి గూడ నోరు మూసుకునే ఉన్న. నీ లెక్క ఒక్కనాడన్న కూసుండి నలుగుర్ని నవ్విచ్చిన్నా."

దానికి సీటు వచ్చింది, పేరు రాసిన మంచం వచ్చింది, ఊరూరా నర్సమ్మా అని చేతులు జోడించేవాళ్లు వచ్చారు. నాకు ఆ కుళ్లొక్కటే వచ్చింది. దాన్నే ఇంత కాలం చెదలు పట్టకుండా, ఎవరికీ పంచకుండా ఇంట్లో పెట్టుకుని సాకాను. ఇప్పుడు వయసైపోయాక ఈవిడ తీరిగ్గా వచ్చి అందులోనూ వాటా అడుగుతోంది.

"అదొక్కటన్న నాకుండనియ్యే. నీకు ఇయ్య," అని చెప్పి బస్సెక్కాను.

కిటికీ పక్కన సీటు దొరికింది. తొంగి చూస్తే రాజమణి ప్లాట్‌ఫాం మీద నిలబడి, కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగక, పక్కనున్నవాళ్లు తిరిగి చూసేలా నవ్వుతోంది. నవ్వించింది నేను.